‘ఇది యాడ కూసుంటది తమ్మీ?’

సీఎన్‌సీ మిషన్‌కి డిజైన్ పంపే ముందు అడగాల్సిన అసలు ప్రశ్న

వరి కోతల టైంలో హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద పోతుంటే నకిరేకల్ దాటాక కేతేపల్లి వస్తుంది. ఒక దిక్కు కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దగ్గర లారీలు. ఇంకో దిక్కు మూసీ ప్రాజెక్టు నీళ్లతో పండిన వరి, అందులో దుమ్ము లేపుకుంటూ తిరిగే కోత మిషన్లు. మిషన్ ఎన్ని గంటలు తిరిగితే ఓనర్‌కి అన్ని గంటల కిరాయి. మబ్బు పట్టకముందే చేను ఖాళీ అయితే రైతుకి నిద్ర.

అట్లాంటి ఒక మిషన్ మధ్యాహ్నం పూట చేన్లో ఆగిపోయిందనుకుందాం. విప్పి చూస్తే కన్వేయర్ వైపు ఒక చిన్న రోలర్ షాఫ్ట్. బేరింగ్ కూర్చునే చోట అరిగి, బేరింగ్ లూజై ఊగుతోంది. కంపెనీ స్పేర్ కావాలంటే నాలుగు రోజులంటున్నారు. ఆకాశం చూస్తే నాలుగు గంటలు కూడా ఆగేట్టు లేదు. ఇంట్లో బీటెక్ చదివిన పిల్లాడు ఉంటాడు గదా, వాడు ముందుకొస్తాడు. ‘నేను డిజైన్ గీస్తా, హైదరాబాద్‌లో సీఎన్‌సీ మీద చేయిద్దాం’ అంటాడు. గంటలో ల్యాప్‌టాప్‌లో త్రీడీ మోడల్ రెడీ. పొడవు, మందం, గాడి, మర.. ప్రతి కొలత పక్కన ±0.01 అని పెట్టేస్తాడు. మెటీరియల్ దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్. యాక్యురసీ ఎంత ఎక్కువుంటే అంత మంచిదే కదా అని వాడి లెక్క.

రెండు గంటల తర్వాత వాట్సాప్‌లో కొటేషన్ వస్తుంది. చూసి ఇంటిల్లిపాదీ నోరు తెరుస్తారు. కొత్త స్పేర్ కంటే ఎక్కువ!

ఆ డ్రాయింగ్‌లో గీత తప్పు లేదు, కొలత తప్పు లేదు. లేనిది ఒక్కటే. ఆ షాఫ్ట్ చేయాల్సిన పనేంటో అందులో ఎక్కడా లేదు. అదే డ్రాయింగ్ సూర్యాపేటలోనో నకిరేకల్‌లోనో పాత లేత్ షాపుకి తీసుకెళ్తే, అక్కడి పెద్దాయన కొలతల జోలికి పోకముందే ఒక మాట అడుగుతాడు. ‘ఇది యాడ కూసుంటది తమ్మీ?’

ఆ ప్రశ్నలోనే సగం ఇంజినీరింగ్ ఉంది. మిగతా సగం ఏంటో చూద్దాం.

25 అంటే ఏ 25?

షాఫ్ట్ మీద కూర్చునే బేరింగ్ నంబర్ 6205 అనుకోండి. మన పంపుల్లో, మోటార్లలో, మిషన్లలో విరివిగా కనిపించే సైజే. లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, వెడల్పు 15. ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా 6205 అంటే ఇవే కొలతలు. కాబట్టి షాఫ్ట్ కూడా 25 ఉంటే సరిపోతుంది, అంతేనా?

అంతే కాదు. ముందు తేలాల్సింది ఒకటుంది. మిషన్ నడిచేటప్పుడు షాఫ్ట్ తిరుగుతుందా, లేక షాఫ్ట్ కదలకుండా ఉండి దాని మీద రోలర్ తిరుగుతుందా?

షాఫ్టే తిరుగుతుంటే బేరింగ్ లోపలి రింగు దాన్ని గట్టిగా పట్టుకుని ఉండాలి. కాస్త లూజున్నా లోడు పడ్డప్పుడల్లా రింగు షాఫ్ట్ మీద సన్నగా జారుతుంది. చూస్తే కనిపించదు. కానీ లక్షల తిరుగుళ్ల తర్వాత ఆ జారుడే షాఫ్ట్‌ని కొరికేస్తుంది. ఇలాంటి చోట ఇంజినీర్లు వాడే ఫిట్ పేరు కే6. అంటే షాఫ్ట్ 25.002 నుంచి 25.015 మధ్య ఉండాలి. బేరింగ్ రంధ్రం మామూలుగా 25 కంటే ఒక వెంట్రుక తక్కువే ఉంటుంది కాబట్టి చేత్తో ఎక్కదు, ప్రెస్ పెట్టి ఎక్కించాల్సిందే.

షాఫ్ట్ కదలకుండా ఉండి రోలర్ తిరిగేట్టయితే కథ తిరగబడుతుంది. ఇప్పుడు గట్టిగా పట్టుకోవాల్సింది బయటి రింగు, రోలర్ లోపల. షాఫ్ట్ మీద లోపలి రింగు కాస్త వదులుగా ఉన్నా నష్టం లేదు. పైగా చేన్లోనే విప్పి మార్చుకోవడం సులువు. ఇక్కడ జీ6 చాలు. అంటే 24.980 నుంచి 24.993.

చూశారా? డ్రాయింగ్‌లో రెండు చోట్లా 25 అనే రాస్తాం. ఒకటి 25కి పైన, ఇంకోటి 25కి కింద. తారుమారైతే ఒకచోట బేరింగ్ జారి మళ్లీ షాఫ్ట్ అరుగుతుంది, ఇంకోచోట బేరింగ్ ఊడి రాక సుత్తి దెబ్బలు తింటుంది. ఎంత ఖరీదైన మిషన్ మీద చేయించినా, ఈ సంగతి మిషన్‌కి తెలిసే దారే లేదు. దానికి మనం ఇచ్చిన నంబరే వేదం.

సీఎన్‌సీ అంటే అదే కదా. 1952లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు మొదటిసారి నంబర్లతో నడిచే మిల్లింగ్ మిషన్‌ని చూపించారు. అప్పుడు చిల్లులు పొడిచిన టేపు, ఇప్పుడు కంప్యూటర్ ఫైలు. కంట్రోలర్‌లో జీ00 అంటే ‘ఊరికే ఆ పాయింట్‌కి పో’, జీ01 అంటే ‘కోస్తూ నేరుగా పో’, జీ02, జీ03 అంటే వంపు తిరుగు. ఎం03 అంటే తిరగడం మొదలుపెట్టు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆ ప్రోగ్రామ్ చూడగానే పరాయి ఊళ్లో సొంతూరి మనిషి ఎదురైనట్టు ఉంటుంది. ఒక్కటే తేడా. మా దగ్గర తప్పు పోతే వెనక్కి తెచ్చుకునే బటన్ ఉంటుంది. అక్కడ కోసిన ఇనుము కోసినట్టే.

ఆ సున్నాలకి ఎవరు కట్టాలి?

ఇప్పుడు మన బీటెక్ తమ్ముడి డ్రాయింగ్‌కి వద్దాం. షాఫ్ట్ మొత్తం పొడవు 180 మిల్లీమీటర్లు అనుకోండి. బేరింగ్‌లు కూర్చునే రెండు చోట్లు, ఒక్కోటి 15 మిల్లీమీటర్లు. మిగతా 150 మిల్లీమీటర్లు? దాన్ని ఏదీ ముట్టుకోదు. గాల్లో ఉంటుంది. అక్కడ వ్యాసం 28 ఉన్నా, 28.2 ఉన్నా, 27.8 ఉన్నా వడ్లకి తెలియదు.

అలాంటి కొలతలకి ప్రపంచమంతా వాడే ఒక పద్ధతి ఉంది. డ్రాయింగ్ కింద ‘ఐఎస్‌వో 2768 మీడియం’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. 6 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ±0.2, 30 నుంచి 120 దాకా ±0.3, 120 నుంచి 400 దాకా ±0.5 అని షాపువాళ్లు అర్థం చేసుకుంటారు. పనున్న చోట మాత్రం విడిగా టైట్ టాలరెన్స్ రాయాలి. మన షాఫ్ట్‌కి అలాంటివి రెండే రెండు చోట్లు.

అన్ని చోట్లా ±0.01 రాస్తే ఏమవుతుందో షాపు వైపు నుంచి చూడండి. మనిషి వెంట్రుక మందమే 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు ఉంటుంది. అందులో వందో వంతు మిల్లీమీటరు లెక్కలు అంటే టూల్ మెల్లగా నడపాలి. చివరి కోత చాలా పల్చగా తీయాలి. చాలాసార్లు లేత్ మీద ఆపి గ్రైండింగ్‌కి పంపాలి. ప్రతి కొలతనీ మైక్రోమీటర్‌తో చూసి రాసుకోవాలి. ఒక్కటి తప్పినా ముక్క స్క్రాప్‌లోకి. ఆ రిస్క్ అంతా షాపువాళ్లు ముందే రేటులో కలుపుతారు. అందులో మోసమేం లేదు. మనం అడిగిందానికే బిల్లేశారు, మనకే అది అక్కర్లేదని తెలియదు.

నునుపు కూడా అంతే. ‘ఫినిషింగ్ అద్దంలా ఉండాలన్నా’ అని చెప్పేస్తాం. మామూలు మెషినింగ్‌లో వచ్చే ఆర్‌ఏ 3.2 చాలా పనులకి బాగానే సరిపోతుంది. బేరింగ్ సీటు దగ్గర 0.8 అడగండి, ఆయిల్ సీల్ పెదవి రాసుకునే చోట ఇంకా నున్నగా అడగండి. గాల్లో ఉండేదానికి అద్దం ఎందుకు? ఎవరు చూసుకుంటారు?

కొలిచేది ఎవరు, దేంతో?

డ్రాయింగ్‌లో నంబర్ రాయడం ఒకెత్తు, అది వచ్చిందో లేదో తేల్చడం ఇంకొకెత్తు. కే6 ఫిట్‌లో మనకున్న జాగా మొత్తం 0.013 మిల్లీమీటరు. చాలా షాపుల్లో ఉండే మామూలు వెర్నియర్ కనిష్ఠంగా చూపించగలిగేదే 0.02. అంటే కొలిచే పనిముట్టులో ఒక గీత, కొలవాల్సిన జాగా కంటే పెద్దది. దాంతో చూసి ‘కరెక్టుంది అన్నా’ అంటే నమ్మకం మీద నడవాల్సిందే. ఇలాంటి చోట మైక్రాన్ చూపించే మైక్రోమీటర్ ఉందా అని ముందే అడగాలి. మొహమాటపడాల్సిన ప్రశ్న కాదు ఇది.

కొలత పనిముట్టు తప్పయితే ఏమవుతుందో చెప్పడానికి హబుల్ టెలిస్కోప్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1990లో అంతరిక్షంలోకి పంపాక బొమ్మలు మసకగా వచ్చాయి. దాని అద్దాన్ని అద్భుతంగానే అరగదీశారు. కానీ అద్దం ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక లెన్స్ 1.3 మిల్లీమీటర్లు జరిగి ఉంది. ఆ తప్పు పరికరం ఎలా చెప్తే అలా, అంతే కచ్చితంగా, అద్దాన్ని తప్పు ఆకారంలోకి అరగదీశారు. అంచు దగ్గర తేడా 2.2 మైక్రాన్లు. దాన్ని సరిచేయడానికి 1993లో వ్యోమగాములు పైకి పోవాల్సొచ్చింది.

మన చేన్లో కథ అంత దూరం పోదు కానీ, కొలతల తప్పులు ఇక్కడా ఉన్నాయి. అన్నిట్లోకి ఎక్కువ జరిగేది అరిగిపోయిన ముక్కని కొలిచి అదే సైజు కొత్తది చేయించడం. పాత షాఫ్ట్ బేరింగ్ సీటు దగ్గర 24.8 ఉందని అదే రాసిస్తే, కొత్త షాఫ్ట్ పుట్టడమే అరిగి పుడుతుంది. కొలత తీసుకోవాల్సింది అరగని చోట నుంచి, లేకపోతే బేరింగ్ నంబర్ నుంచి. ఇంకో మాట. అది ఎందుకు అరిగిందో కూడా అప్పుడే చూడాలి. బెల్టు మరీ బిగించారా, సీల్ పోయి మట్టి చేరిందా, రెండు బేరింగ్‌లు ఒకే వరసలో లేవా? కారణం అలాగే ఉంటే వచ్చే కోతకి ఇదే షాఫ్ట్ మళ్లీ అదే షాపుకి వస్తుంది.

ఇక మన నల్గొండ ఎండ. ప్రపంచంలో కొలతలన్నిటికీ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర రేకుల షెడ్డు కింద 45 అనుకుంటే తేడా 25 డిగ్రీలు. 25 మిల్లీమీటర్ల స్టీల్ షాఫ్ట్ ఆ తేడాకి సుమారు 0.007 పెరుగుతుంది. మన దగ్గరున్న జాగాలో సగం! బేరింగ్ కూడా స్టీలే కాబట్టి రెండూ కలిసే పెరుగుతాయి, ఫిట్‌కి ఢోకా లేదు. ఇబ్బందల్లా మిషన్ మీద నుంచి అప్పుడే దిగిన వేడి ముక్కని కొలిచి ఓకే అనేసినప్పుడే. చల్లారాక అది వేరే సైజు. అదే స్టీల్ బేరింగ్‌ని అల్యూమినియం హౌసింగ్‌లో పెడితే సంగతి వేరు. అల్యూమినియం దాదాపు రెండింతలు పెరుగుతుంది. హౌసింగ్ 50 డిగ్రీలు వేడెక్కితే 52 మిల్లీమీటర్ల రంధ్రం బేరింగ్ కంటే 0.03 ఎక్కువ తెరుచుకుంటుంది. పొద్దున గట్టిగా ఉన్న బేరింగ్ మధ్యాహ్నానికి వదులవుతుంది. అల్యూమినియం తేలిక, మిషన్ మీద తొందరగా కోసుకుంటుంది, నిజమే. కానీ ఈ లెక్క వేసుకున్నాకే.

మెరిసేదల్లా మంచిది కాదు

తమ్ముడు స్టెయిన్‌లెస్ ఎందుకు రాశాడు? తుప్పు పట్టదని. నీళ్లు, బురద, యూరియా ఉన్న చోట ఆలోచన తప్పు కాదు. కానీ స్టెయిన్‌లెస్ 304 కోసేకొద్దీ గట్టిపడే రకం. టూల్ కాస్త ఆగి రుద్దితే ఆ చోటు ఇంకా మొండిగా తయారవుతుంది. టూళ్లు అరుగుతాయి, టైం పడుతుంది, రేటు పెరుగుతుంది. ఇలాంటి షాఫ్ట్‌కి చాలా షాపులు చెప్పేది ఈఎన్8. సుమారు 0.4 శాతం కార్బన్ ఉన్న స్టీల్. ఏ షాపులో అడిగినా తెలిసిన సరుకు, మైల్డ్ స్టీల్ కంటే గట్టిది. గ్రీజు పెట్టి, సీల్ సరిగ్గా ఉంటే బురదలో కూడా పనికొస్తుంది.

‘సరే, జింక్ ప్లేటింగ్ వేయిద్దాం’ అంటారా? వేయించండి, కానీ లెక్క చూసుకుని. 10 మైక్రాన్ల పూత అంటే చుట్టూ పడుతుంది కాబట్టి వ్యాసం 20 మైక్రాన్లు పెరుగుతుంది. మన కే6 జాగా మొత్తం 13. పూత ఒక్కటే దాన్ని దాటేసింది. బేరింగ్ సీటు మీద పూత పడకుండా మూసి వేయించాలి, లేదా పూతకి చోటు వదిలి చిన్నగా కోయించాలి. ఈ సంగతి డ్రాయింగ్ మీద రాయకపోతే ప్లేటింగ్ వాడికి తెలియదు, లేత్ వాడికీ తెలియదు.

టూల్ గుండ్రం, మన మూల చతురస్రం

షాఫ్ట్ గుండ్రం కాబట్టి సులువుగా పోయింది. అదే ఒక బ్రాకెట్టో, గేర్‌బాక్స్ మూతో అయితే ఇంకో చిక్కు. స్క్రీన్ మీద చతురస్రపు గుంత గీస్తాం, మూలలు కత్తిలా ఉంటాయి. మిల్లింగ్ టూల్ తిరిగే కడ్డీ. 6 మిల్లీమీటర్ల టూల్‌తో కోస్తే లోపలి మూల కనీసం 3 మిల్లీమీటర్ల వంపుతోనే వస్తుంది. ‘నాకు 1 మిల్లీమీటరే కావాలి’ అంటే 2 మిల్లీమీటర్ల టూల్ కావాలి. గుంత లోతు 30 అయితే ఆ సన్న టూల్ తన మందానికి 15 రెట్లు లోపలికి దిగాలి. వెదురు పుల్లతో బావి తవ్వినట్టు. వంగుతుంది, వణుకుతుంది, విరుగుతుంది. లోతు టూల్ మందానికి మూడు నాలుగు రెట్లలోపు ఉంటే పని సాఫీగా సాగుతుంది.

అందులో కూర్చునే ముక్కకి నిజంగా పదునైన మూలలుంటే? గుంత మూలలో టూల్‌తో ఒక చిన్న అదనపు రంధ్రం వేసి వదిలేస్తారు. ముక్క మూల ఆ ఖాళీలోకి పోతుంది. చూడ్డానికి కుక్క బిస్కెట్ ఆకారంలా ఉంటుంది కానీ పని జరుగుతుంది. మళ్లీ అదే ప్రశ్న. అక్కడ ఏం కూర్చుంటుంది?

ఎన్నిసార్లు తిప్పి బిగించాలో కూడా డిజైన్‌లోనే తేలిపోతుంది. ఒక ముఖం మీద పని అయ్యాక ముక్కని విప్పి తిరగేసి మళ్లీ బిగిస్తే, టైం పోవడం సంగతి అటుంచి, రెండు ముఖాల మధ్య కచ్చితత్వం కాస్త పోతుంది. ఒకదానికొకటి వరసలో ఉండాల్సిన రంధ్రాలు ఒకే బిగింపులో పడేట్టు డిజైన్ చేసుకుంటే చాలు. ఐదు యాక్సిస్‌ల మిషన్ కోసం వెతకక్కర్లేదు.

అసలు సీఎన్‌సీ కావాలా?

నా అభిప్రాయం సూటిగా చెప్తా. చేన్లో ఆగిన ఆ ఒక్క షాఫ్ట్‌కి సీఎన్‌సీ అక్కర్లేదు. చేయి తిరిగిన మనిషి, మంచి మాన్యువల్ లేత్, ఒక మైక్రోమీటర్ ఉంటే సాయంత్రానికి అయిపోయే పని. బేరింగ్ పక్కనే పెట్టుకుని చూసుకుంటూ కోస్తాడు.

సీఎన్‌సీలో అసలు ఖర్చు మొదటి ముక్క దగ్గరే. ప్రోగ్రామ్ రాయాలి, టూళ్లు సెట్ చేయాలి, ముక్క పట్టుకునే ఏర్పాటు చేయాలి. లెక్క కోసం దానికి 3000 రూపాయలనుకుందాం. ఒక్క షాఫ్ట్ చేయిస్తే 3000 మొత్తం దాని నెత్తినే. 50 చేయిస్తే ఒక్కోదానికి 60. అదే రోలర్ అదే మోడల్ మిషన్లలో ప్రతి సీజన్‌కీ పోతోందని తెలిస్తే, పది మంది ఓనర్లు కలిసి 50 చేయించి పెట్టుకోవడం తెలివైన పని. వంపులు తిరిగిన ఆకారాలు, రెండోసారి చేసినా మొదటిదానిలాగే రావాల్సినవి.. అక్కడ సీఎన్‌సీకి పోటీ లేదు.

మొదటి ముక్క పని చేస్తుందా లేదా అని చూడ్డానికే అయితే ఇనుము కూడా అక్కర్లేకపోవచ్చు. దీనికి మన ఉమ్మడి నల్గొండలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం. పోచంపల్లి చీర నేసే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పడం. ఒక్క చీరకి చెయ్యి వేల సార్లు ముందుకీ వెనక్కీ పోవాలి, నాలుగైదు గంటలు. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజాలు నొప్పితో పడిపోయేవి. 1992లో మొదలుపెట్టి 1999 దాకా ఆయన కుస్తీ పట్టింది మిషన్‌తో అనిపిస్తుంది కానీ, నిజానికి ఆ చేతి కదలికతో. చెయ్యి ఎక్కడ ఎత్తుతోంది, మేకు దగ్గర ఎట్లా తిప్పుతోంది, ఎప్పుడు తర్వాతి మేకుకి జరుగుతోంది? ఒక్కో కదలికనీ విడదీసి దానికో ఏర్పాటు చేశారు. చివరి కదలిక మాత్రం చిక్కలేదు. 1999లో హైదరాబాద్ బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు ఒక మిషన్ కదులుతున్న తీరు చూసి, తనకి కావాల్సింది అదేనని పట్టుకున్నారు. ఏం కదలాలో అప్పటికే వేలి కొసన ఉంది కాబట్టే కంటికి దొరికింది. తొలి మిషన్ ఫ్రేమ్ చెక్కతో చేశారు, తర్వాత స్టీల్‌కి మారారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు మిషన్. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది.

ముక్క మరీ పెద్దదైతే? కేతేపల్లి వాళ్లకి ఇది బాగా తెలుసు. 2019 అక్టోబర్‌లో మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి వరదకి కొట్టుకుపోయి, నీళ్లు కళ్ల ముందే దిగువకి పోయాయి. డ్యామ్ గేటు దుకాణంలో దొరికే సామాను కాదు. ఆ కానాకి ఆ గేటే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి గేటు పోయినప్పుడు గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఏం చేశారో గుర్తుందా? 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న పాత గేటుకి నకలు చేయించలేదు. అప్పటికి కావాల్సింది ఎత్తి దించే గేటు కాదు, పారే నీళ్లలోకి దించగలిగే అడ్డు. అందుకే ఎత్తుని ఐదు ముక్కలు చేసి, నాలుగేసి అడుగుల స్టాప్‌లాగ్‌లుగా చేయించి ఒక్కోటీ దించారు. వారం రోజుల్లో నీళ్లు ఆగాయి. అది సీఎన్‌సీ పని కాదు, కానీ ఆలోచన అదే. పోయిన వస్తువు ఎట్లుంది అని కాకుండా, ఇప్పుడు అక్కడ ఏం జరగాలి అని.

షాపుకి పోయేటప్పుడు

కేతేపల్లి నుంచి హైదరాబాద్ సుమారు 120 కిలోమీటర్లు. అక్కడ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి దిక్కు మెషిన్ షాపులకి కొదవ లేదు. 1970లో బాలానగర్‌లో మొదలైన ఎంటీఏఆర్ ఇస్రో వికాస్ ఇంజిన్లకి భాగాలు చేస్తుంది. అదే బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ ఉంది. 2023 మార్చిలో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్‌లో మొదటి నమూనాలు చేసుకోవడానికి మిషన్లు, మనుషులు ఉన్నారు. కొత్తగా ఏదైనా తయారు చేయాలనుకునే వాళ్లు ఒకసారి చూడాల్సిన చోటు.

ఎక్కడికి పోయినా త్రీడీ ఫైలు ఒక్కటే పంపకండి. త్రీడీ ఫైల్లో ఆకారం ఉంటుంది కానీ ఏ ముఖం ముఖ్యమో సాధారణంగా ఉండదు. పక్కన ఒక టూడీ డ్రాయింగ్ పీడీఎఫ్ పెట్టండి. అందులో మెటీరియల్, ఎన్ని కావాలి, పూత ఉందా లేదా, ఏ రెండు మూడు కొలతలు తప్పకూడదు, వాటిని దేంతో కొలుస్తారు. వీటికి తోడు ఒక్క వాక్యం రాయండి: ‘ఈ షాఫ్ట్ తిరుగుతుంది, ఈ రెండు చోట్ల 6205 బేరింగ్ ప్రెస్ ఫిట్.’ ఆ ఒక్క వాక్యం చూసి అనుభవం ఉన్న మెషినిస్టు మీ డ్రాయింగ్‌లో తప్పు పట్టుకుని ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ వస్తే విసుక్కోకండి. ‘ఈ మూల కాస్త వంపు పెంచుతా, రేటు తగ్గుతది’ అంటే సగం సార్లు ఒప్పుకోవచ్చు. మిగతా సగం ఎందుకు కుదరదో మీరు చెప్పగలగాలి.

వీలైతే కొత్త బేరింగ్‌ని వెంట తీసుకెళ్లండి. ఎక్కువ ముక్కలు చేయించేటప్పుడు మొదటిది ఒక్కటే చేసి, బిగించి, నడిపి చూశాకే మిగతావి కోయమనండి.

షాఫ్ట్ చేతికొచ్చాక ఇంకో గండం ఉంది. చేన్లో తొందర. బేరింగ్‌ని షాఫ్ట్ మీద పెట్టి సుత్తితో బయటి రింగు మీద కొడతారు. ఆ దెబ్బ లోపలి బంతుల మీదుగా పోయి దారిలో సొట్టలు పెడుతుంది. కొత్త షాఫ్ట్, కొత్త బేరింగ్, మొదటి రోజు నుంచే గరగర. షాఫ్ట్ కంటే కొంచెం పెద్ద రంధ్రమున్న పైపు ముక్క తీసుకుని, అది లోపలి రింగుకి మాత్రమే తగిలేట్టు పెట్టి నిటారుగా నెట్టాలి. వేడి చేసి ఎక్కిద్దామంటే బేరింగ్ మీద రాసింది చూడండి. 6205 పక్కన 2ఆర్ఎస్ అని ఉంటే అది రబ్బరు సీల్ ఉన్నది, లోపల గ్రీజు నింపి వస్తుంది. దాన్ని 80 డిగ్రీలు దాటనివ్వకండి, స్టవ్ మీద అసలే పెట్టకండి.